సేవ పేర కూలి ఎగవేయవచ్చునా?



మే నెల 12వ తేది నర్సుల దినము. ఆ తేదికి దగ్గరనున్న ఆదివారమున మన సంఘములు అనేకములలో ఒక ఆచారము జరుగుచున్నది. ఆరాధన ముగియకముందు కాపరి నర్సులను ముందుకు పిలుచును. వారు వచ్చి వేదిక యెదుట వరుసగా నిలుతురు. స్త్రీల సమాజపు అధ్యక్షురాలు ఒక్కొక్కరికి శాలువా కప్పును. ఎవరో ఒకరు లేచి, దీపము పట్టుకొని రోగుల మధ్య తిరిగిన ఫ్లారెన్సు నైటింగేలును గూర్చి నాలుగు మాటలు చెప్పుదురు. సేవ, త్యాగము, ప్రేమ అను మాటలు పదేసి సార్లు వినబడును. ప్రార్థన చేసి వారిని కూర్చుండ పంపుదురు. ఆ వరుసలో నిలిచిన పిల్లలలో ఎందరికి పోయిన నెల జీతము చేతికి వచ్చినదో ఎవరును అడుగరు. ఏటేట కాగితము మార్చుకొను కాంట్రాక్టు ఉద్యోగములో పదేండ్లు గడిపినవారు అందులో ఉన్నారని ఎవరును చెప్పరు.

ఆ ఆచారమును మానుడని నేను చెప్పుట లేదు. శాలువా మంచిదే. శాలువా కప్పి చేతులు దులుపుకొనుటను గూర్చి మాత్రము నాకు గట్టి ఆక్షేపణ కలదు. సేవ అను పవిత్రమైన మాటను అడ్డము పెట్టుకొని మన ప్రభుత్వములును, ప్రైవేటు ఆసుపత్రులును, చెప్పుటకు నోరు రాకున్నను మన సంఘపు ఆసుపత్రులలో కొన్నియును, నర్సు కూలిని ఎగవేయుచున్నవి. ఆ ఎగవేత వలన నష్టపోవునది నర్సు ఒక్కతెయే కాదు. ఊరిచివర గుడిసెలో జ్వరముతో పడియున్న ముసలివాడు అంతకంటె ఎక్కువగా నష్టపోవుచున్నాడు. ఈ రెండు సంగతులు ఒకే సంగతి యని చూపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నైటింగేలు పేరెత్తితిమి గనుక ఆమెను గూర్చి సగమే చెప్పి విడువకూడదు. క్రిమియా యుద్ధము నుండి తిరిగి వచ్చిన పిమ్మట ఆమె చేసిన గొప్ప పని లెక్కలు కట్టుట. సైనికులు శత్రువుల గుండ్లకంటె తమ ఆసుపత్రులలో వ్యాపించిన రోగములకే ఎక్కువగా బలియైరని పటములు గీచి బ్రిటిషు మంత్రుల కండ్లయెదుట పెట్టెను. 1858లో ఇంగ్లండు గణాంకశాస్త్ర సంఘములో సభ్యురాలైన మొదటి స్త్రీ ఆమెయే. మన దేశమునకు ఒక్కసారియైనను రాలేదు. అయినను ఇక్కడి పటాలముల ఆరోగ్యమును గూర్చియు, పల్లెల పారిశుద్ధ్యమును గూర్చియు ఏండ్ల తరబడి ఉత్తరములు వ్రాసి అధికారులను నెమ్మదిగా నిద్రపోనియ్యలేదు. ఆమె దీపమును మన పిల్లల పాఠ్యపుస్తకములలో ఉంచిరి. ఆమె లెక్కల పుస్తకమును దాచివేసిరి. నర్సులను గూర్చి మాటలాడువాడు లెక్కతో రావలెనని నేర్పినది ఆమెయే గనుక నేనును కొన్ని లెక్కలు తెచ్చితిని. ఓపికతో చదువుడి.

1943లో నియమింపబడి 1946లో నివేదిక నిచ్చిన భోర్ కమిటీ ఈ దేశపు ఆరోగ్య విధానమునకు పునాది వేసెను. ఆ నివేదిక ప్రకారము అప్పుడు దేశమంతటిలో ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. అనగా 43,000 మంది జనులకు ఒక్కతె. 1971 నాటికి 500 మందికి ఒక్కతె కావలెనని కమిటీ కోరెను. ఆనాటి ఆ కొద్దిమంది నర్సులలో అత్యధికులు క్రైస్తవ స్త్రీలు, మిషను ఆసుపత్రులలో శిక్షణ పొందినవారు. గుంటూరులో అన్నా కుగ్లరు దొరసాని 1898లో ఆసుపత్రి తెరచెను. వేలూరులో ఐడా స్కడ్డరు దొరసాని యాజమాన్యమున 1909లో నర్సుల పాఠశాల మొదలై, 1946లో అది డిగ్రీ నిచ్చు కళాశాల యాయెను. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసాని 1915లో కుష్ఠరోగుల కొరకు ఆసుపత్రి నిలిపెను. ఇట్టి చోట్ల తెల్లచీర కట్టి రాత్రి పగలు నిలిచినవారు మన అవ్వలు, మన మేనత్తలు.

మనవారే ఎందుకు వెళ్లిరి? పరుల మలమూత్రము లెత్తుటయు, పరపురుషుని దేహము తాకుటయు మైల యని తక్కినవారు తమ కుమార్తెలను పంపలేదు. మన తాతలకు ఆ అభ్యంతరము తక్కువ, అవసరము ఎక్కువ. కరవులలో తలిదండ్రులను పోగొట్టుకొని బోర్డింగులలో పెరిగిన పిల్లలు, విధవలు, పల్లెల నుండి మొదటిసారి బడిమెట్లెక్కిన అమ్మాయిలు ఆ పనిలో చేరిరి. ఇది మనము గర్వముగా చెప్పుకొను చరిత్ర, చెప్పుకొనుట తగును. కాని ఈ చరిత్రలో ఒక ముల్లు దాగియున్నది. లోకము అంటరానివారని త్రోసివేసినవారి కుమార్తెలు చేయు పని గనుకనే లోకము ఆ పనికి తక్కువ వెల కట్టెను. ఆ తక్కువ వెలను మన పెద్దలు సేవ యని పేరు మార్చి ముద్దుపెట్టుకొనిరి. పేరు మారెను గాని వెల పెరుగలేదు. నేడు అన్ని కులములవారును, అన్ని మతములవారును నర్సింగు చదువుచున్నారు. అయినను ఆనాడు కట్టిన వెల నీడ ఈనాటి జీతపు కాగితముమీద పడియేయున్నది.

లూకా సువార్త పదియవ అధ్యాయములోని సమరయుని కథ మనకు కంఠస్థము. గాయములు కట్టుట, నూనెయు ద్రాక్షారసమును పోయుట, తన వాహనముమీద ఎక్కించుట, ఇంతవరకు ప్రసంగములలో విస్తరించి చెప్పుదుము. మరునాటి సంగతిని తొందరగా దాటివేయుదుము. మరునాడు అతడు పూటకూళ్లవానికి రెండు దేనారములు తీసి యిచ్చెను. అంతకు మించి ఖర్చైన యెడల తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని మాట యిచ్చెను. ఒక దేనారము ఆ కాలమున కూలివాని ఒక దినపు కూలి. దెబ్బలు తిన్నవానిని చూచుకొనుట ఒక రాత్రి పని కాదు, అనేక దినముల పని. ఆ పని చేయువానికి డబ్బు ముట్టవలెను, అదియును ముందుగా ముట్టవలెనని ఆ సమరయుడు ఎరిగియుండెను. నీవును నావలె సేవ చేయుము, ఫలము పరలోకమున దొరకునని పూటకూళ్లవానితో చెప్పి గాడిద నెక్కి పోలేదు. మన ఆసుపత్రి కమిటీలలో కూర్చుండు కొందరు పెద్దలు ఈ కథను చివరివరకు ఎప్పుడైన చదివిరా యని నాకు అనుమానము.

ఇక నేటి లెక్క. దేశములో నర్సులు చాలరు, కావున కళాశాలలు పెట్టవలెనని ప్రతి మంత్రియు చెప్పును. 2023వ సంవత్సరపు కేంద్ర బడ్జెటులో 157 క్రొత్త నర్సింగు కళాశాలలను ప్రకటించిరి. కళాశాల వద్దని ఎవడు చెప్పును? అయితే 2021లో అనూప్ కరణ్ మొదలగు పరిశోధకులు ప్రచురించిన లెక్కను చూడుడి. 2018 నాటి రిజిస్టరులలోని పేర్లను బట్టి ప్రతి 10,000 మంది జనులకు 17.7 మంది నర్సులును మంత్రసానులును ఉన్నారు. ఇంటింటి సర్వేను బట్టి నిజముగా పనిలోనున్నవారిని లెక్కించినప్పుడు ఆ సంఖ్య 10.6కు దిగెను. వారిలో తగిన చదువు గలవారిని మాత్రమే ఏరినప్పుడు 6.0కు దిగెను.

ఈ మూడు సంఖ్యలను మరల చదువుడి. రిజిస్టరులో చనిపోయినవారి పేర్లును, పరదేశములకు వెళ్లినవారి పేర్లును ఉండును, నిజమే. వాటిని తీసివేసినను మిగిలిన సంగతి యేమి? చదివిన పిల్ల ఇంటనున్నది. చదువని పిల్ల సూది వేయుచున్నది. చిన్న పట్టణముల నర్సింగుహోములలో పదవ తరగతి తప్పిన పిల్లకు ఆరు నెలలు పని చూపించి తెల్లకోటు తొడుగుదురు. ఆమె చవుక. మూడేండ్లో నాలుగేండ్లో చదివి వచ్చిన పిల్లకు ఇవ్వజూపు జీతము తాపీపనివాని నెలకూలికి సరిపోదు. తండ్రి అప్పు చేసి కట్టిన ఫీజు తీరునట్లు లేదు. అట్టి పిల్ల పెండ్లి చేసికొని ఇంట కూర్చుండుటయో, పరదేశపు భాష నేర్చుకొనుటయో చేయును. అప్పుడు నర్సులు చాలరని మరియొక కళాశాల తెరతురు. చిల్లుకుండలో నీళ్లు పోయువాడు బావిని నిందించినట్లున్నది.

ఈ చిల్లు ఎక్కడనున్నదో పై వారికి తెలియక కాదు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు, ప్రైవేటు నర్సుల జీతములను పరిశీలించుటకు కమిటీ వేయుమని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించెను. 50 పడకలకు తక్కువైన ఆసుపత్రిలో సహితము నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదనియు, 200 పడకలకు మించిన చోట ప్రభుత్వపు నర్సుతో సమానముగా ఇయ్యవలెననియు ఆ కమిటీ సిఫారసు చేసెను. అమలు రాష్ట్రముల చేతికి వదలిరి. కేరళలో నర్సులు వీధులలోనికి వచ్చి పోరాడిన పిమ్మట 2018లో ప్రభుత్వము కనీస వేతనమును ప్రకటించెను. మన ప్రాంతపు చిన్న ఆసుపత్రులలో ఆ 20,000 ముఖము చూచిన నర్సులను నేను వ్రేళ్లమీద లెక్కింపగలను. 2023లో పాత నర్సింగు కౌన్సిలు చట్టమునకు బదులుగా క్రొత్త కమిషను చట్టము వచ్చెను. అది చదువును, పరీక్షలను, రిజిస్టరులను చక్కబరచుటకు వచ్చినది, మంచిదే, జీతము గూర్చి మాత్రము దానిలో వెదకకుడి.

జీతముతోపాటు సంఖ్య కూడ ప్రాణముతో ముడిపడియున్నది. లిండా ఐకెన్ అను అమెరికా నర్సు పరిశోధకురాలు తన తోడివారితో కలిసి తొమ్మిది ఐరోపా దేశములలోని 300 ఆసుపత్రులను పరిశీలించి 2014లో ప్రచురించిన ఫలితము ఇది: ఒక నర్సుమీద ఒక్క రోగిని అదనముగా మోపినప్పుడు, శస్త్రచికిత్స పొందిన రోగి ముప్పది దినములలో చనిపోవు అవకాశము 7 శాతము పెరుగును. ఒక్క రోగికే ఇంత! మన పెద్దాసుపత్రిలో రాత్రి వార్డులో ఒక్క నర్సు ఎందరిని చూచుచున్నదో మీరు కండ్లార చూచితిరి. అక్కడ ఆమె విసుగుకొనెనని కోపపడి వచ్చితిరి, లెక్కకట్టి రాలేదు.

ఇక ఊరి సంగతికి వచ్చెదను. అసలు మాట అక్కడనే యున్నది.

1952 నుండి పల్లెలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు వచ్చినవి. వాటి క్రింద సబ్ సెంటరులు. మైదానములో 5,000 మందికి ఒకటి, కొండలలోను ఏజెన్సీలోను 3,000 మందికి ఒకటి యని నియమము. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఒక స్త్రీని, ఒక పురుషుని బహుళ పనుల ఆరోగ్య కార్యకర్తలుగా నియమింపుమని చెప్పెను. పురుషుని కుర్చీ అనేక చోట్ల ఖాళీగానే యున్నది. మిగిలినది మన ఏ.ఎన్.ఎం.; మీరు నర్సమ్మ యని పిలుచు ఆమె. గర్భిణుల పేర్లు వ్రాయుట, రక్తము చూచుట, బిడ్డలకు టీకాలు వేయుట, కాన్పుకు పంపుట, క్షయరోగికి మందు మ్రింగించుట, మలేరియాకు నెత్తురు తీయుట, ముప్పది దాటినవారికి బి.పి., షుగరు చూచుట, ఇవన్నియు ఆమె పనులే. అవి చేసిన పిమ్మట వాటిని రిజిస్టరులో వ్రాయవలెను, మరల ఫోనులో ఎక్కించవలెను. సిగ్నలు లేని ఊరిలో చెట్టెక్కినంత పనియగును. పై అధికారికి బిడ్డ బరువు పెరిగెనా అను ప్రశ్నకంటె ఫోనులో సంఖ్య పడెనా అను ప్రశ్న ముఖ్యమైపోయినది.

మైదానములో 5,000 మంది యనగా రెండు మూడు ఊళ్లు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో 3,000 మంది యనగా కొండలమీద చెదరియున్న అనేకమైన గూడెములు. అక్కడ దారి లేక నొప్పులు పడుచున్న స్త్రీని నేటికిని డోలీ కట్టి మోసికొని వచ్చుచున్నారు. పత్రికలలో ఆ ఫొటో పడినప్పుడెల్ల రోడ్డు వేయలేదని అందరును కేకలు వేయుదురు. రోడ్డు కావలెను, సందేహము లేదు. అయితే ఎనిమిదవ నెలలోనే ఆ స్త్రీ కాళ్ల వాపు చూచి, రక్తపోటు కొలిచి, ముందుగానే క్రిందికి దింపించుటకు గూడెములో నిలుకడగా ఒక నర్సు ఉండెనా యని అడుగువారు తక్కువ. డోలీ చివర కనబడు సంగతి. నర్సు లేకుండుట మొదట జరిగిన సంగతి.

నర్సమ్మ ఊరిలో ఉండదని మీరు ఫిర్యాదు చేయుదురు. ఎక్కడ ఉండవలెను? సబ్ సెంటరు ఊరి బయట, ఎవరికిని అక్కరలేని పోరంబోకు స్థలములో కట్టిరి. తలుపు గడియ సరిగా పడదు. నీళ్లు లేవు. పాతికేండ్ల పిల్లను అక్కడ ఒంటరిగా పండుకొనుమని మీ కుమార్తెయైన యెడల చెప్పుదురా? ఊరిలో అద్దెయిల్లు అడిగిన యెడల ఏ కులమని అడిగి, లేదని చెప్పువారును ఉన్నారు. ఇది నేను చెవులార విన్న సంగతి. ఆ చెప్పినవారు సంఘము వెలుపలివారే అయియుండవలెనని కోరుచున్నాను, కాని ప్రమాణము చేసి చెప్పలేను.

2018 నుండి కేంద్ర ప్రభుత్వము సబ్ సెంటరులను ఆరోగ్య సంక్షేమ కేంద్రములుగా మార్చుచు, నర్సింగు డిగ్రీ చదివి ఆరు నెలల ప్రత్యేక శిక్షణ పొందినవారిని అక్కడ ఉంచుట మొదలుపెట్టెను. ఆంధ్రలో గ్రామ క్లినిక్కులనియు, తెలంగాణలో పల్లె దవాఖానాలనియు మీరు వినిన ఏర్పాటు దీనిలోనిదే. గర్భిణులు, బిడ్డలు మాత్రమే గాక బి.పి., షుగరు, కండ్లు, పండ్లు, ముసలితనము, మనోవ్యాధి మొదలగు 12 విధములైన సేవలు ఊరిలోనే అందవలెనని ఉద్దేశము. ప్రభుత్వములను నిందించుటకు వెనుదీయని నేను ఈ మాట చెప్పక తప్పదు: భోర్ కమిటీ నాటినుండి బీదల కొరకు తలపెట్టిన పనులలో ఇది మిక్కిలి మంచి వాటిలో ఒకటి. బి.పి. మాత్ర కొరకు కూలి పోగొట్టుకొని మండలమునకు వెళ్లలేక మానివేసి, పక్షవాతముతో పడిపోయిన మన సంఘపు పెద్దలను తలంచుకొనుడి.

అయితే ఈ మంచి పనిని ఎవరి భుజముమీద పెట్టిరి? మరల కాంట్రాక్టు నర్సు మీదనే. జీతములో ఒక భాగము పని లెక్కలను బట్టి వచ్చు ప్రోత్సాహకము. ఊరివారిని ఎరిగి, ఎవరి యింట ఎవరికి ఏ రోగమో మనస్సులో పెట్టుకొనుటకు ఒక నర్సుకు రెండు మూడేండ్లు పట్టును. ఆ ఎరుకయే మందు. కాగితము ఏటేట మారు ఉద్యోగములో ఆ ఎరుక నిలువదు. మేలైన స్థలము దొరికిన దినమున ఆమె వెళ్లిపోవును, వెళ్లవలసినదే. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషను వచ్చినప్పుడు రెండవ ఏ.ఎన్.ఎం.లను ఈ విధముగానే కాంట్రాక్టున తీసికొనిరి. ఆ పద్ధతి ఏండ్లకేండ్లు సాగెను. 2023 ఆగస్టులో తెలంగాణలో వారు తమ్మును క్రమబద్ధము చేయుమని సమ్మెకు దిగిరి. వర్షములలో జ్వరములు ముదిరిన వేళ సమ్మె యేమిటని కొందరు పెద్దలు విసుగుకొనిరి. అన్నలారా, జ్వరములు లేని నెలలో వారి మొర ఎవరు వినిరి? ఆశా కార్యకర్తలకు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గొప్ప బహుమానము నిచ్చెను. మన ప్రభుత్వ పుస్తకములలో వారు ఇంకను స్వచ్ఛంద సేవికలే. చూచితిరా, మరల అదే మాట!

ఇప్పుడు వైద్యుల అభ్యంతరము. 2019లో జాతీయ వైద్య కమిషను చట్టము 32వ సెక్షనులో, ప్రాథమిక వైద్యము వరకు కొందరు వైద్యేతరులకు పరిమితమైన అనుమతి ఇయ్యవచ్చునని వ్రాసిరి. వైద్యుల సంఘము దేశమంతట సమ్మె చేసెను. నాటువైద్యులకు తలుపు తెరచుచున్నారని వారి మాట. ఆ భయమును నేను తేలికగా తీసివేయను. నాటువైద్యుని సూదులకు బలియైనవారిని మనమందరము ఎరుగుదుము. అయితే ఊరిలో నాటువైద్యుడు ఉండుట చదివిన నర్సు ఉండుట వలన కాదు. ఆమె లేకుండుట వలన. నర్సు చేయగలదా లేదా అనుదానికి ఊహలు అక్కరలేదు. వైద్యునికి బదులుగా నర్సు ప్రాథమిక వైద్యము చేసిన 18 పరీక్షలను పోల్చి చూచి కాక్రేన్ సంస్థవారు 2018లో ప్రచురించిరి: రోగుల ఫలితములు వైద్యునితో సమానముగానో కొంచెము మేలుగానో ఉండెను. వాటిలో ఒకటి తప్ప తక్కినవన్నియు ధనిక దేశములలో జరిగినవి గనుక మన ఊరికి అట్లే అతికించరాదు. మన దేశపు సాక్ష్యము ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చినది. అక్కడ మూడేండ్ల కోర్సు చదివిన గ్రామీణ వైద్య సహాయకులు సామాన్య రోగములను చూచుటలో ఎం.బి.బి.ఎస్. వైద్యులకు తీసిపోలేదని కృష్ణారావు మొదలగువారు 2013లో వ్రాసిరి. అదే పరిశోధనలో, వైద్యుడు లేడని తగిన శిక్షణ లేకయే రోగులను చూచుచున్న నర్సులు, ఫార్మసిస్టులు మొదలగువారు అందరికంటె వెనుకబడిరి. ఈ రెండవ మాటను దాచిపెట్టి మొదటి మాట మాత్రమే చెప్పుట అన్యాయము. ఆమెకు శిక్షణ ఇయ్యక కుర్చీ మాత్రమే ఇచ్చినవాడు ఆమెకు స్నేహితుడు కాడు, రోగికిని స్నేహితుడు కాడు.

చదువురానివారును సరియైన శిక్షణతో ఎంత చేయగలరో ఎరుగగోరువారు మహారాష్ట్రలోని జాంఖేడును గూర్చి తెలిసికొందురు గాక. వేలూరులో చదివిన రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు 1970లో అక్కడికి వెళ్లి, పల్లెల వారే ఎన్నుకొన్న స్త్రీలకు, అందులో అనేకులు దళిత స్త్రీలు, వారము వారము పాఠములు చెప్పి ఊళ్ల ఆరోగ్యమును వారి చేతికే అప్పగించిరి. వెనుక నర్సుల బృందమును, ఆసుపత్రియును తోడుండెను. ఒంటరిగా ఎవరిని వదలలేదు. మన సబ్ సెంటరు నర్సుకు లేనిది ఆ తోడే.

మరియొక సంగతి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటినుండి పెద్ద ఆసుపత్రులలో ఖరీదైన చికిత్సలకు ప్రభుత్వము డబ్బు కట్టుచున్నది. దాని వలన మన బీదలు బ్రదికిరి, కాదనను. కాని గుండె ఆగిన పిమ్మట లక్షలు కట్టుటకు సిద్ధపడిన ఖజానా, గుండె ఆగకముందే రక్తపోటు కొలుచు నర్సు జీతముదగ్గర చేయి ముడుచుకొనుట ఏ లెక్కకు సరిపడును?

పరదేశములకు వెళ్లు పిల్లలను నిందించుట మన సంఘములలో క్రొత్త అలవాటు. ధనాశ యని ప్రసంగించుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారము లోకములోని నర్సులలో 78 శాతము మంది, లోక జనాభాలో 49 శాతము గల దేశములలోనే ఉన్నారు. తక్కిన సగము జనులకు మిగిలినది 22 శాతము. ఈ అన్యాయము ఆ పిల్ల చేసినది కాదు. జర్మనీకిని జపానుకును నర్సులను పంపుటకు భాష నేర్పించి సాగనంపునది తెలంగాణ ప్రభుత్వపు సంస్థయే. తండ్రి అప్పు తీర్చుటకు వెళ్లు పిల్లను ధనాశపరురాలనుట, ఆమె పంపిన డబ్బుతో దేవాలయపు గోపురము కట్టించుకొనుట, ఈ రెండును ఒకే నోటికి తగవు.

ఇక మన యింటి సంగతి. ఒక సంఘపు ఆసుపత్రిలో నర్సులకు నాలుగు నెలలు జీతములు రానప్పుడు వారు కమిటీ యెదుటికి వచ్చిరి. వారికి వచ్చిన జవాబు నేను ప్రక్కన కూర్చుండి వింటిని: "అమ్మా, మీరు కూలివారు కారు, దేవుని సేవకురాండ్రు." ఆ మాట చెప్పినవారి వాహనమునకు ఆ నాలుగు నెలలు పెట్రోలు ఆగలేదు. కూలి బిగబట్టిన యజమానులను గూర్చి యాకోబు తన పత్రిక అయిదవ అధ్యాయములో వ్రాసినది పొలముల యజమానులకే గాని ఆసుపత్రుల యజమానులకు చెల్లదని ఎక్కడ నున్నది? జీతములు సరిగా ఇచ్చిన యెడల ఆసుపత్రి మూతపడునని చెప్పుదురు. అట్లయిన జమాఖర్చులు సంఘము యెదుట విప్పి చూపించుడి. నిజముగా లేమియైన యెడల సంఘము చందా పోగుచేయును. మన పల్లెల స్త్రీలు పిడికెడు బియ్యము తీసి పెట్టి గుడులు కట్టినవారు. లెక్క చూపకుండ త్యాగము మాత్రము అడుగుట తగదు.

నిర్గమకాండము మొదటి అధ్యాయములోని షిఫ్రా, పూయా అను మంత్రసానులను మీరు ఎరుగుదురు. రాజాజ్ఞను ఎదిరించి బిడ్డలను బ్రదికించిరి. వారిని గూర్చి దేవుడు చేసినదేమి? వారిని మెచ్చుకొని ఊరకుండలేదు. వారి వంశములను వృద్ధిచేసెను. వారి యిల్లు నిలిచెను. కెంక్రేయలోని ఫీబేను రోమా సంఘమునకు అప్పగించుచు పౌలు ఏమి కోరెను? ఆమెకు కావలసిన ప్రతి పనిలో సహాయము చేయుడని కోరెను. పరిచర్య చేయు స్త్రీకి కావలసినవి ఉండునని పౌలు ఎరుగును.

పాదిరిగారికి జీతముల గొడవ యెందుకని అడుగువారు ఉందురు. నాకును నెలనెల జీతము వచ్చుచున్నది గనుక. అది ఆగినప్పుడు డయోసీసు ఆఫీసులో నేను ఎట్లు మాటలాడుదునో ఆఫీసువారిని అడుగుడి.

మీరు చేయదగిన పనులు కొన్ని కలవు, అవి చిన్నవే. ప్రతి గ్రామములో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, పోషణ చూచు గ్రామ కమిటీ ఒకటి ఉండవలెనని నియమము. దానికి ఏటేట 10,000 రూపాయల వరకు నిధి కలదు. మీ ఊరి కమిటీలో ఎవరున్నారో, చివరిసారి ఎప్పుడు కూడిరో పంచాయతీలో అడుగుడి; మన స్త్రీల సమాజము నుండి ఒకరిని అందులో కూర్చుండబెట్టుడి. సబ్ సెంటరు తలుపు గడియయు, నీళ్ల కుళాయియు ఆ కమిటీ బాగుచేయించవచ్చును. అనేక ఊళ్లలో సువార్తికుని యిల్లు ఖాళీగా తాళము వేసియున్నది. ఏ కులమని అడుగక దానిని నర్సమ్మకు అద్దెకు ఇయ్యుడి. కాంట్రాక్టు పోస్టులను శాశ్వతము చేయుమని కోరు అర్జీపై సంఘమంతయు సంతకములు చేసి ఎమ్మెల్యేకు ఇయ్యుడి. ఎన్నికలకు ముందు ఇచ్చిన యెడల చదువును.

వచ్చు నెల పాస్టరేటు కమిటీ కూడునప్పుడు, గత సమావేశపు మినిట్సు చదివిన వెంటనే, ఎవరైన ఒకరు లేచి ఈ ప్రశ్న అడుగవలెనని నా మనవి: మన ఆసుపత్రిలో నర్సులకు పోయిన నెల జీతము ఏ తేదిన ముట్టినది? జవాబును మినిట్సులో వ్రాయించుడి. ఆ పై నెలలోను అదే ప్రశ్న అడుగుడి.